ఇరవై ఒక్క అంకెల ఇల్లు

ప్రజలకు ఇల్లు ఇవ్వడంలో ఆలస్యం జరిగితే జరగవచ్చు గాని, సంఖ్య ఇవ్వడంలో మాత్రం జరగరాదన్నది సుపరిపాలనకు మూలసూత్రం. తొంభై ఆరు తుఫానుకు రాజోలు దగ్గర ఇల్లు నేలమట్టమైన భూలక్ష్మికి ఆ సూత్రం ప్రకారం తొంభై ఎనిమిదిలోనే దరఖాస్తు సంఖ్య మంజూరైంది: 280140037199600004153. ఇందులో రాష్ట్రం, జిల్లా, మండలం, తుఫాను సంవత్సరం పోగా చివరి ఎనిమిది అంకెలూ భూలక్ష్మివి. (వాటిలో నాలుగు సున్నాలు, రాబోయే తుఫానుల బాధితుల కోసం ముందుచూపుతో ఉంచినవి.) విలువ కట్టి చెప్పాలంటే సుమారు ఇరవై ఎనిమిది లక్షల కోట్ల కోట్లు. కాలవగట్టు మీద టార్పాలిన్ పాకలో ఉన్న మనిషికి ఇంత ఆస్తి అరుదు.

మూడేళ్లుగా ఆమె రసీదు పట్టుకుని మండలాఫీసుకు వెళ్తోంది. గుమస్తా సోమేశ్వరరావు ఆ సంఖ్యను ఓపిగ్గా కంప్యూటర్‌లో కొడతాడు. 'అట్టి దరఖాస్తు లేదు' అని కంప్యూటర్ అంతే ఓపిగ్గా చెబుతుంది. రెండువేల ఒకటి వానలకు టార్పాలిన్ కూడా చిరిగింది.

"నెలాఖరుకి పథకం మూసేత్తారంటండి మాస్టారూ," అంటూ ఆమె దేవసహాయం మాస్టారి అరుగెక్కింది. ఆయన ముప్పై ఒక్కేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు.

ఆయన రసీదు మీది అంకెలు కూడితే అరవై మూడు వచ్చింది. అంటే సంఖ్య తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ముచ్చటేసి, కాలవగట్టు మీద మిగతావారి రసీదులు కూడా తెప్పించారు. నలభై మూడూ తొమ్మిదితో భాగింపబడేవే! వరసగా వచ్చే సంఖ్యల్లో తొమ్మిదింటికి ఒక్కటే అలా ఉండాలి. మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు భూలక్ష్మిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లారు. కంప్యూటర్‌కు ప్లాస్టిక్ ముసుగు, ముసుగు మీద కుంకుమబొట్టు, బల్ల కుంటకుండా దాని కాలికింద నియమావళి. మాస్టారు దాన్ని లాగి తిరగేశారు. నూట పన్నెండో పేజీలో ఉంది: తప్పులు పట్టుకొనుటకై, ప్రతి అసలు సంఖ్యనూ తొమ్మిదితో భాగించినచో శేషము ఎనిమిదే రావలెను.

"ఆయ్, ఎనిమిదే వచ్చేదండి," అన్నాడు సోమేశ్వరరావు సంబరంగా. "ఒక్కళ్లకి కాదు, అందరికీ ఎనిమిదే! శని అంకె కదండి మాస్టారూ. ఇల్లు కూలి ఏడుస్తున్నోళ్ల చేతిలో శనిని ఎలా పెడతామండి? చివరంకెకి ఒకటి కలిపి, తొమ్మిది చేసి, నా చేత్తో రసీదులు రాసిచ్చేను. పైసా పుచ్చుకోలేదండి."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. లంచగొండిని తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకుని వచ్చారు. దయగలవాడిని ఏమని తిట్టాలో తోచలేదు.

"ఆ ఒకటీ తీసేయవయ్యా బాబూ," అన్నారు.

తీసేశాడు. కంప్యూటర్ కాసేపు మూలిగి, మొట్టమొదటిసారి భూలక్ష్మి పేరు చూపించింది. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. సోమేశ్వరరావు పైకి చదివాడు: తొంభై తొమ్మిదిలో ఇల్లు మంజూరు. పునాది పూర్తి. గోడలు పూర్తి. శ్లాబు, సున్నం, తనిఖీ పూర్తి. తాళంచెవి లబ్ధిదారుకు అందజేత, వేలిముద్రతో సహా. (వేలిముద్ర ఎవరిదో కనిపెట్టే శేషం నియమావళిలో లేదు.) ఆ సంఖ్యతో అభ్యంతరం చెప్పడానికి మూడేళ్లలో ఎవరూ రాలేదు కనుక పనులు ఎక్కడా ఆగలేదు. ఇల్లున్నవారికి మళ్లీ ఇల్లివ్వరాదని కింద ఎర్రక్షరాల్లో ఉంది.

భూలక్ష్మి ఆ తెర దగ్గరకు వంగింది.

"ఆ ఇంటికి గుమ్మం ఎటేపండీ?" అని అడిగింది.

సోమేశ్వరరావు వెతికి, తృప్తిగా తలూపాడు.

"తూర్పేనండి. అంకె బాలేదన్న మాటే గానండి, వాస్తు మాత్రం భేషుగ్గా ఉందండి."