అద్దాలు తాగే నీళ్ళు

మా ఆయన కొత్త వ్యాపారం గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి కిటికీ గురించి చెప్పాలి. దానికి అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట పాత క్యాలెండరు అట్ట ఉంది. అలాంటి ఇంట్లోంచి పొద్దున్నే లేచి, అరకులో ఉన్న రిసార్టుల అద్దాలన్నీ కడగడానికి వెళ్తాడు మా వరహాలరావు.

ఆయన బైకు, నా గాజులు కలిసి ఒక పాత మినీ వ్యాను అయ్యాయి. దాని వెనక నల్లటి ట్యాంకు, పంపు, నిలువెత్తు ఫిల్టరు సీసాలు, చక్రానికి చుట్టిన పైపు బిగించాడు. తాటిచెట్టంత సాగే గొట్టం, దాని చివర బ్రష్షు. కింద నిలబడి గొట్టం ఎత్తితే చాలు, పై అంతస్తు అద్దానికి స్నానమైపోతుంది. గుడ్డ పెట్టి తుడవక్కర్లేదట. నీళ్ళు శుద్ధంగా ఉంటే అద్దం మచ్చ లేకుండా దానంతటదే ఆరుతుందట.

“అద్దాలకి ఫిల్టరు నీల్లా? మన సోనికేమో బోరు నీల్లా?” అన్నాను మొదటిరోజే.

“కాసి పోత్తన్నావు గదే కనకా.”

“అద్దాలక్కూడా కాసి పొయ్యండి మరి.”

“అద్దం మీద మచ్చ పడితే రిసార్టోలు ఊరుకోరే.”

“పిల్లకి జొరమొత్తే మీరు ఊరుకుంటారేటి?”

సోనికి ఈమధ్యే ఏడాది నిండింది. అది తుమ్మితే నాకు చెమటలు పడతాయి. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని పడతాయి. అలాంటి పిల్ల బోరు నీళ్ళు తాగుతుంటే, ఊరూ పేరూ లేని అద్దాలు ఫిల్టరు నీళ్ళు తాగడం చూసి కడుపు మండిపోయేది.

పోనీ అద్దాలతో ఆగిందా అంటే లేదు. సాయంత్రం ఇంటికి రాగానే పైపు ఎక్కడైనా మెలిక పడిందేమోనని ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమురుతాడు. నా నడుం పట్టేసిన సంగతి పక్కింటి యర్రమ్మ పిన్నికి తెలుసు, ఆయనకు తెలియదు.

ఆ పైన ఫోను. పొద్దున్న ఒకసారి, అన్నం ముందు ఒకసారి, అన్నం తరవాత ఒకసారి. తెర మీద “సౌందర్య గ్లాసు” అని పేరు పడుతుంది. పెద్ద రిసార్టు మేనేజరట. ఆ పేరు చూడగానే మా ఆయన లేచి నిలబడతాడు. మా అమ్మ ఫోను చేస్తే పడుకుని మాట్లాడే మనిషి.

“అలాగే మేడమ్. తప్పకుండా మేడమ్. రేపు మల్లీ వత్తాను మేడమ్.”

ఇది పిన్నికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

“రేపు మల్లీ వత్తానన్నాడా?” పిన్ని చేట కింద పెట్టింది. “ఏటే, ఒక్క అద్దాన్ని ఎన్నిసార్లు కడుగుతాడే?”

అంతే, ఆ పూట నేను చేసిన చారులో ఉప్పు లేదు. కారం మాత్రం పడింది, ఎక్కువే పడింది.

ఉపాయం అంట్లు తోముతుంటే తట్టింది. అద్దాల మీద మచ్చలు పడాలి. పడితే ఆ సౌందర్యే ఆయన్ని పొమ్మంటుంది. దానికి మంచి నీళ్ళు తీసేసి చెత్త నీళ్ళు పొయ్యాలి. మా ఇంట్లో అన్నిటికన్నా నీచమైన నీళ్ళు ఏవంటే, చూరు నీళ్ళు. వానాకాలం మా వీధిలో ప్రతి ఇంటి రేకుల కిందా డ్రమ్ములు, బిందెలు, విరిగిన బకెట్లు వరసగా ఉంటాయి. ఆ నీళ్ళు అంట్లకీ కాళ్ళకీ తప్ప ఎవరూ నోట పెట్టరు. పైగా వారం నుంచి వాన పడుతూనే ఉంది. రేకులు కూడా కడిగీ కడిగీ మెరుస్తున్నాయి. సరుకుకి లోటు లేదు.

అయినా అనుమానం ఉండకూడదని ఆయన మీటరు తీశాను. పెన్నులా ఉంటుంది, నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తుంది. కొత్తలో అది జ్వరం చూసేదనుకుని సోని చంకలో పెట్టాను, సున్నా చూపించింది. పిల్లను ఎత్తుకుని ఏడుస్తుంటే ఆయన వచ్చి లాక్కున్నాడు.

ట్యాంకు నీళ్ళలో ముంచాను. మూడువందల పన్నెండు. చూరు నీళ్ళలో ముంచాను. తొమ్మిది.

నేను తొమ్మిదిలో బడి మానేసినదాన్ని. అయిదువందలకి మూడువందలు దాటితే ఫస్టుక్లాసనీ, తొమ్మిదొస్తే ఫెయిలనీ ఆ మాత్రం తెలుసు. ఫస్టుక్లాసు నీళ్ళన్నీ ట్యాంకులోంచి దింపి సోని కోసం వంటింట్లో దాచాను. ఫెయిలైన నీళ్ళు బిందెలతో మోసి ట్యాంకు నింపాను. నడుం నొప్పి గుర్తే రాలేదు.

ఆ పూట ఫస్టుక్లాసు నీళ్ళే అయినా నమ్మకం చాలక కాచి, వాటితో సోనికి చోడి జావ, అదే రాగి జావ చేశాను. “అద్దాల నీల్లతో సేశాను పిన్నీ,” అని యర్రమ్మ పిన్నికీ ఒక గ్లాసు ఇచ్చాను. తాగి, రుచే వేరంది.

మర్నాడు పొద్దున్న మెల్లగా అడిగాను.

“నేనూ వత్తానండి. సోనికి అద్దాల మేడలు సూపిత్తాను.”

“రా,” అన్నాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఏదడిగినా మొదటి మాట “ఎందుకే” అనే మనిషి రా అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

రిసార్టు కొండ వాలు మీద ఉంది. గోడలకన్నా అద్దాలే ఎక్కువ. వాన తెరిపిచ్చినా గొడుగు వేసుకునే ఒకావిడ గబగబా వచ్చింది. నాకన్నా పొడుగు, నాకన్నా తెలుపు. నడుం కూడా పట్టేసినట్టు లేదు. నా ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

“వరహాలరావు గారూ,” అంది సౌందర్య, “రోజూ మూడుసార్లు ఫోను చేసి చెప్తున్నా, అద్దాలనిండా తెల్ల మచ్చలే. ఇవాళ కూడా పడితే ఇక రావద్దండి. మా ఓనరు వేరే వాళ్ళని మాట్లాడేశారు.”

“అలాగే మేడమ్,” అన్నాడు మా ఆయన. అదే గొంతు. ఇంట్లో నిలబడి మాట్లాడే గొంతు.

ఇన్నాళ్ళూ ఆవిడ తిట్లన్నీ ఆయన నిలబడి తిన్నాడన్నమాట. ఈ పని పోతే మిగతా రిసార్టులు రమ్మంటాయా? వ్యాను పోతుంది. వ్యానులో నా గాజులున్నాయి. ట్యాంకులో నేను పోసిన నీళ్ళున్నాయి.

పంపు మోగింది. గొట్టం లేచి రెండు అద్దాలు కడిగేసింది. నాకేం చెయ్యాలో తెలియక సోనిని చంకనెత్తుకుని రెండు కాళ్ళతో పైపు మీద ఎక్కి నిలబడ్డాను. నీళ్ళు ఆగిపోయాయి.

“ఏటే, పైపెక్కీసావు?”

“కాల్లు నొప్పెడుతున్నాయండి.”

“నొప్పెడితే కూకుంటారు. నిలబడతారేటి? దిగు బేగి.”

“దిగను. ఇయాల కడగొద్దండి. మంచి రోజు కాదు.”

ఆయన పైపు ఇటు లాగాడు. నేను అటు తొక్కాను. పంపు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. చక్రం దగ్గర అతుకు టప్పున ఊడి, పైపు కొస పాములా లేచి, మేడమ్ గొడుగును తిరగేసి, ఆవిడను తల నుంచి చెప్పుల దాకా కడిగింది. సోని చప్పట్లు కొట్టింది.

మా ఆయన పరుగెత్తి పంపు ఆపాడు.

“మేడమ్, తప్పు నాదే,” నోటికొచ్చింది చెప్పేశాను. “ఆయన్ని ఏటీ అనకండి. అయి సూరు నీల్లు. నేనే పోశాను.”

సౌందర్య కళ్ళు తుడుచుకుంది. నా వైపు చూడలేదు. ఆయన అప్పటికే కడిగేసిన రెండు అద్దాల వైపు చూస్తోంది. అవి గాలికి ఆరిపోయాయి. అక్కడ అద్దం ఉన్నట్టే లేదు. ఎదుటి కొండ, కాఫీ తోట, తోట మీద వేలాడే మబ్బు లోపలి గదిలోకి నడిచి వచ్చేసినట్టున్నాయి. ఒక్క మచ్చ లేదు.

“ఈ నీళ్ళు రోజూ దొరుకుతాయా?” అంది, ముక్కు మీంచి బొట్లు కారుతుండగానే.

“నీల్ల సంగతంతా మా ఆవిడదేనండి. అందుకే తీసుకొచ్చాను,” అన్నాడు మా ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు ఘాటు రోడ్డు మలుపులో అడిగాను.

“మీకు ముందే తెలుసా?”

“పొద్దున్న మీటరు ముంచితే తొమ్మిదుంది. ఆ అంకె నీల్లలో ఎంత ఉప్పూ సున్నమూ ఉందో సెప్తాదే. ఎంత తక్కువైతే అద్దానికి అంత మంచిది.”

“మరి మూడువందల పన్నెండో?”

“అది బోరు నీల్లే. ఫిల్టరు పాడైంది. లోపలెయ్యాల్సిన సరుకు వైజాగునుంచి రావాలి.”

అంటే నేను సోనికి దాచి దాచి పోసింది ఎప్పుడూ పోసే బోరు నీళ్ళే. రుచే వేరన్న పిన్నికి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

“తెలిసీ నాకెందుకు సెప్పలేదు?”

“నువ్వు బిందెలు మోత్తంటే సూశాను. నవ్వుతూ మోత్తన్నావు. నాకోసం పని సేసినప్పుడు నువ్వెప్పుడూ నవ్వవు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలక ఊరుకున్నాను.”

సోని నెత్తి తుడుస్తూ కూర్చున్నాను, అది తడవకపోయినా.

ఇప్పుడు వాన మొదలైతే చాలు, మా వీధిలో రేకులున్న ఇళ్ళన్నీ తిరిగి డ్రమ్ములు పెట్టేది నేనే. మా కిటికీకి కూడా ఆయన అద్దం బిగించాడు, అడగకుండానే. సౌందర్య మేడమ్ ఆయనకు ఫోను చెయ్యడం మానేసింది. నాకే చేస్తుంది. వాన పడిందా కనకా, నీళ్ళు నిండాయా కనకా, సోని పడుకుందా కనకా అని. నేను కూర్చునే మాట్లాడతాను.

నిన్న మాట్లాడుతూ నవ్వుతుంటే మా ఆయన పైపు నిమరడం ఆపి చూశాడు.

“ఏటే, అంతసేపు ఏటంటాదావిడ?”

“ఏటీ లేదండి.”

“ఏటీ లేకుండా అంత నవ్వేటే?”

ఆ మంట ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. జాలి కూడా వేసింది. అయినా చెప్పలేదు, ఫోను పట్టుకుని చూరు కిందికి వెళ్ళిపోయాను.