గ్రంథాలయంలో తుమ్ములు

పొద్దున్నే బుల్లయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం వాన పడుతుందని ఫోను చెబుతోంది. కల్లంలో మూడెకరాల మిరపకాయలు ఆరుతున్నాయి. తడిశాయంటే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. గ్రంథాలయం పక్కన ఊరివాళ్లు నలుగురూ చేరి మాట్లాడుకోవడానికని కొత్తగా హాలు కట్టారు కదా, దాన్ని రెండు రోజులకు అడిగితే సరి.

"హాలు మనుషుల కోసమండీ, కాయల కోసం కాదు," అంది లైబ్రేరియన్ జహీరున్నీసా. "పైగా ఈ పూట ఖాళీ లేదు."

మనిషన్నవాడు లేని హాలు ఖాళీ లేకపోవడమేమిటి? బుల్లయ్య పేపరు అడ్డం పెట్టుకుని హాలు తలుపు మీద ఓ కన్ను వేశాడు. కాసేపటికి శివరామకృష్ణ వచ్చాడు. ఇద్దరివీ పక్కపక్క పొలాలు. గట్టు దగ్గర మాటామాటా పెరిగి ఆరేళ్లుగా పలకరింపుల్లేవు. అతడి భుజాన గోతం ఉంది. గోతంతో హాల్లోకి వెళ్లాడు, ఖాళీ చేతులతో వచ్చాడు. అలా మూడుసార్లు. చివరికి అతడు వెళ్లిపోయాక తలుపులూ కిటికీలూ మూతపడ్డాయి.

వెంటనే లోపల ఎవరో తుమ్మారు. ఆపై ఇంకెవరో దగ్గారు. మళ్లీ వరసగా నాలుగు తుమ్ములు. మిరపతోటల మధ్య పెరిగిన మనిషికి మూసిన తలుపుల వెనక తుమ్ములంటే ఇంక సాక్ష్యం అక్కర్లేదు.

బుల్లయ్య తలుపు బాదాడు. "ఏమ్మా, లోపలివి ఎవరివి?"

"శివరామకృష్ణగారివండీ! సర్దుతున్నాం, సాయంత్రం రండి," అని తుమ్ముల మధ్య నుంచి జహీరున్నీసా జవాబొచ్చింది.

బుల్లయ్య తిన్నగా కోటేష్ కల్లానికి పరిగెత్తాడు. "ఒరేయ్ కోటేషూ, మనకేమో హాలు మనుషులకంట! శివరామకృష్ణ కాయలకేమో తలుపులేసి మరీ ఇచ్చింది!"

"నువ్వు చూశావా?"

"చూసేదేముందిరా, చెవులారా విన్నాను!"

ముందు వెళ్లి మంచి మూల పట్టేద్దామని కోటేష్ బస్తాలు ట్రాక్టరుకెత్తాడు. కోటేష్ ఎందుకెత్తాడో తెలియకపోయినా, ఊరికే ఎత్తడని పక్క కల్లం బుడాన్ కూడా ఎత్తాడు. గంట తిరక్కుండా గ్రంథాలయం ముందు ఐదు ట్రాక్టర్లు నిలబడ్డాయి.

బుల్లయ్యకు బస్తాలకెత్తే వ్యవధి లేదు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, హాల్లో జాగా పట్టాలని కాయల మీద కప్పే పట్టాను లాక్కుని బయల్దేరాడు.

"ఏమయ్యో, వానొస్తే ఏం కప్పను? నీ పంచా?" అని అరిచింది భార్య రాజ్యం.

"అరగంటలో మన కాయలు హాల్లో ఉంటాయే!"

హాలు ముందు తోపులాటగా ఉంది. "తియ్యమ్మా తలుపు!" అని అందరూ ఒకటే కేకలు. తలుపు తెరుచుకుంది. ముఖానికి చున్నీ చుట్టుకున్న జహీరున్నీసా, వెనక చీపురుతో ఊడ్చే బసవమ్మ కనిపించారు. నేలనిండా పుస్తకాలు.

"శివరామకృష్ణగారి అటక మీదవి. ఊళ్లోవాళ్లు ఇక్కడ కూర్చుని చదువుకుంటారని ఇచ్చారు. ముప్పై ఏళ్ల దుమ్ము, చంపేస్తోందండీ," అందామె.

బుల్లయ్యకు నమ్మకం కుదరలేదు. అడుగున ఏమైనా దాచారేమోనని ఓ పుస్తకం ఎత్తి వాసన చూశాడు. ఏడుసార్లు తుమ్మాడు. ఎనిమిదోది రాబోతుంటే పైన ఉరిమింది.

ట్రాక్టర్లవాళ్లు బస్తాల మీద పట్టాలు బిగించుకున్నారు. బోసిగా ఉన్నవి బుల్లయ్య కాయలొక్కటే. వాటి పట్టా అతడి చంకలో ఉంది. కల్లానికి పరిగెత్తాడు.

కల్లంలో కాయల రాశి మీద కొత్త నీలం పట్టా కప్పి ఉంది. ఓ కొస రాజ్యం తొక్కిపట్టింది. రెండో కొస మీద శివరామకృష్ణ తడిసి ముద్దవుతూ నిలబడ్డాడు.

"మరి నీ కాయలు?" అన్నాడు బుల్లయ్య. ఆరేళ్లలో అదే మొదటి మాట.

"నిన్ననే కోల్డ్ స్టోరేజీకి పంపేశా. పట్టా ఇంట్లో ఊరికే పడుంది. గట్టు గొడవ మనది, కాయలేం చేశాయిరా?"

బుల్లయ్యకు సిగ్గుతో తల వాలిపోయింది. కోటేష్ కల్లంలో తానన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వచ్చి మూడో కొస తొక్కి నిలబడ్డాడు.

వాన వెలిశాక ఆ పట్టాను దులిపి మడతపెట్టేముందు, ఎందుకైనా మంచిదని ఓసారి ఎండకు పట్టి చిల్లులున్నాయేమో చూశాడు.