క్లచ్ లివర్ దిగ్విజయము

స్వస్తి! ద్రాక్షతీవెలు చిగురించి, ఆలివ్ కొమ్మలు వెండివన్నె తేలి, గొర్రెలమందలు మెట్టలెక్కు వసంతకాలమున, ఏప్రిల్ మాసపు చివరి ఆదివారమున, చర్చి గంట ఎనిమిది కొట్టిన శుభసమయమున, ఉంబ్రియా గిరిసీమలందలి కాస్తెల్వెర్దె గ్రామమున, తన ఇంటి ముంగిట రాతిపలకలపై స్పానర్‌పాణియై మోకరించియున్న మహావీరుడు సెత్తీమియోను కొనియాడెదను. ఎవడా సెత్తీమియో? ముప్పదియేండ్ల మోటారుసైకిల్ స్వారీలో ఐదుమార్లు మాత్రమే కిందపడిన ధీరుడు; తండ్రి నాటిన రెండువందల ఆలివ్ చెట్లకు ఏకైక ప్రభువు; ఆ చెట్ల నూనె తప్ప భూమండలమున వేరు నూనె లేదని నమ్మి, రొట్టెకును, మోకాలినొప్పికిని, తలుపు బందులకును దానినే ప్రయోగించు ఏకతైలవ్రతుడు.

అట్టివానికి ఆ ఉదయమున పరమశత్రువు, తన ఎర్రని బండి ఎడమపిడికి అమరియున్న క్లచ్ లివర్. నొక్కిన లోనికి పోవును. వదలినచో, అలిగిన అల్లుని వలె మెల్లగా సగము దూరము వచ్చి ఆగిపోవును.

పదునొకండు గంటలకు ఊరి బండ్లన్నియు వరుసకట్టి కొండమీది చర్చికి ఏగి, ఫాదర్ చేత తీర్థజలము చల్లించుకొనుట అచ్చటి ఆచారము. మొదటి బండికే ఊరి జెండా. ఆ బండి దారిలో ఆగెనా, జెండా వెనుకవానికి పోవును, మరి తిరిగి రాదు. పదునాలుగేండ్లు దానిని మోసిన పినతండ్రి కొడుకు క్వింతీలియో నడుమునొప్పి యని తప్పుకొనగా, ఏబదియెనిమిదవ యేట సెత్తీమియోకు ఆ గౌరవము దక్కెను. దక్కినది చేతికందకుండ చేయుచున్నది ఈ లివర్. వారము రోజులుగా అతనికి అన్నపానములు సయించుట లేదు.

లివర్ నొక్కుడును బండికి మోయు ద్రవపు గొట్టములో గాలి చేరెనని నిశ్చయించి వీరుడు తొలి సమరమునకు దిగెను. కొత్త క్లచ్ ద్రవము నింపి, లివర్‌ను డెబ్బదిమార్లు నొక్కెను; నొక్కుటయు తానే, వెనుకకు లాగుటయు తానే. బుడగ యొక్కటియు వెడలలేదు. అంతట కనులెర్రజేసి లేచి, స్పానర్ నింగికెత్తి ఇట్లు గర్జించెను:

“ఓరీ లోహాధమా! వానలందును మంచులందును నా నాలుగు వేళ్ళకు దాసోహమన్న నీవు, జెండా చేతికందు వేళ ద్రోహమునకు ఒడిగట్టెదవా? గంట పది కొట్టులోగా నిన్ను లొంగదీయనేని, ఈ మీసము తీసివేయుదును!”

పై కిటికీ తెరచుకొనెను. ధర్మపత్ని జెలిందా తల బయటికి పెట్టెను.

“ఆదివారం పూట ఏంటయ్యా ఆ అరుపులు? మీసం సంగతి తర్వాత చూద్దాంలే. అది తిరిగే బోల్టు చూశావా?”

“దానికేం రోగమే? క్రిస్మస్‌కి మన కొత్త నూనె పోశాగా!”

ఆమె లోనికి పోయి వంటింటి నూనెచెంబు తెచ్చి చూపెను. “ఇదుగో, దీని మూత చూడు. నెల్రోజులు తుడవకపోతే వేలితో పీకినా ఊడదు. నువ్వు నాలుగు నెల్లు అక్కడ ఎండబెట్టావు. తిరగమంటే ఎట్టా తిరుగుద్ది?”

“నా నూనె జిగురవదు!”

“విప్పి చూడు మరి.”

విప్పెను. నట్టు ఊడెను, బోల్టు వెడలెను, దానిని చుట్టి తేనెవన్నె బంక బయటపడెను. వాసన చూచెను. సందేహము లేదు, తన చెట్లదే. వీరుడు బోల్టు చేతబట్టుకొని మెట్టుమీద కూలబడెను. నిజముగానే మనసు కష్టపెట్టుకొనెను. నాన్న చెట్లు తనకు ఇంతపని చేయునని అనుకొనలేదు.

పెట్రోలు గుడ్డతో బోల్టును, అది దూరు రంధ్రమును తళతళలాడ తుడిచెను. ఇక గ్రీజు కావలెను. ఏకతైలవ్రతుని ఇంట గ్రీజెక్కడిది? దుకాణములు మూసియున్నవి. ఊరిలో గ్రీజు డబ్బా గలవాడు క్వింతీలియో ఒక్కడే. నాలుగు గడపల దూరము. సెత్తీమియో జీవితమున అంతటి సుదీర్ఘ దండయాత్ర వేరొకటి లేదు.

“గ్రీజా?” అని క్వింతీలియో కనుబొమలెత్తెను. “నీ ఇంట్లో నూనె ఏరులై పారుతుంటే గ్రీజెందుకురా?”

“నా నూనె గట్టిపడి క్లచ్ లివర్ పట్టేసింది. చాలా? పో, ఊరంతా దండోరా వేయించుకో.”

క్వింతీలియో నవ్వలేదు. అటునిటు చూచి తలుపు మూసి, బల్లకింద నుండి డబ్బా తీసెను. అది సగము ఖాళీ.

“నాకు నడుంనొప్పని ఎవడు చెప్పాడ్రా నీకు?”

“నువ్వేగా!”

“నిరుడు జెండాతో కొండ మలుపు తిరుగుతుంటే నా లివర్ పట్టేసింది. బండి ఆగకుండా పైకెట్టా చేర్చానో ఆ దేవుడికే తెలుసు. భయమేసి జెండా వదిలేశా. అక్కడ పోసింది నా నూనేరా. మొన్న మొన్న తెలిసింది.”

“అంటే నా నూనె కంటే నీదే ముందు బంకయిందన్నమాట!”

“పోరా! నీది బంక. నాది కాస్త చిక్కబడింది, అంతే. డబ్బా మళ్ళీ తెచ్చియ్యి.”

గంట పది కొట్టుటకు మూడు నిమిషములుండగా, పెసరగింజంత గ్రీజు బోల్టునకు అలది, లివర్‌ను స్వస్థానమున నిలిపి, నట్టు బిగించి, శ్వాస బిగబట్టి, నొక్కి వదలెను.

టక్!

రెండు వేళ్ళ దూరము పోయిన లివర్ రెండు వేళ్ళ దూరమును తిరిగి వచ్చెను. మీసము దక్కెను. పదునొకండు గంటలకు, వెనుక జెండా పట్టిన జెలిందాతో, ఆ వెనుక ఆపకుండ హారన్ మోగించు క్వింతీలియోతో, ప్రతి మలుపునను టక్కు టక్కున జయధ్వానములు చేయుచు సెత్తీమియో గిరిశిఖరమును అధిరోహించెను. అచ్చట చర్చి ఇనుపగేటు కీచుమనెను. వీరుని చేయి అలవాటున కోటు జేబులోని నూనెసీసా మీదికి పోయెను.

“ముట్టుకున్నావో, చెయ్యి విరిగిద్ది,” అనెను జెలిందా.

చేయి తిరిగి వచ్చెను, అదియు రెండు వేళ్ళ దూరమే. ఈ విజయగాథ విన్నవారి గేట్లు కీచుమనకుండుగాక. కీచుమనినను, సీసా మూత తీయుటకు ముందు వారు ఇల్లాలిని ఒక్కమాట అడుగుదురుగాక!