జేబులో పాత లెన్సు

ఆ ఉదయం ఎక్స్‌రే టెక్నీషియన్ వేసుకున్న పథకం చిన్నది. పాత లెన్సును ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కంట్రోలు గది కిటికీలో ఎండకు పెట్టాలి. పని అయ్యాక కోటు జేబులో దాచి రావాలి. ఇంట్లో ఆ పని కుదరదు. పక్కింటి గోడ ఎండను ఆపేస్తుంది. భార్య లెన్సును ఆపేస్తుంది.

లెన్సుది ఇంచుమించు అతని వయసే. పాత సామాన్లు అమ్మే చోట, విరిగిన గొడుగుల కింద దొరికింది. ఒళ్ళంతా ఇత్తడి, గాజు. అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి దిగుతుంది. గాజు మాత్రం పాత పుస్తకం కాగితంలా పసుపెక్కింది. కొన్ని వారాలు ఎండలో పెడితే ఆ పసుపు విరిగిపోతుందని ఎక్కడో చదివాడు. నమ్మాడు. మనుషుల మాట అంత తొందరగా నమ్మేవాడు కాదు.

"లక్షణంగా కొత్త కెమెరా కొన్నారు," అంది భార్య, టిఫిన్ బాక్సు మూత నొక్కుతూ. "దానంతట అదే ఫోకస్ చేసుకుంటుందన్నారు. మళ్ళీ చెత్తబండిలో వెయ్యాల్సిన ఈ ముసలి కన్ను తగిలించి చేత్తో తిప్పడం ఏమిటండీ?"

"చేత్తో తిప్పడంలోనే ఉంది అంతా."

"ఏముంది?"

అతనికి చెప్పడం చేతకాలేదు. చేతకాని మగవాళ్ళందరూ చేసేదే చేశాడు. చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఉన్నది ఇది. ఆ లెన్సును ఒక అడాప్టరుతో కొత్త కెమెరాకు బిగిస్తే, కెమెరాకు అది కంటికి ఆనదు. తెర మీద "లెన్సు లేదు" అని రాస్తుంది. లేకపోయినా ఫోటో తియ్యమని మెనూలోకి వెళ్ళి దాన్ని బతిమాలుకోవాలి. ఆ తరవాత లోకమంతా పొగమంచు. లెన్సు మీది రింగును వేలితో వెంట్రుకవాసి తిప్పితే ఆ మంచులోంచి ఒకే ఒక్కటి నడిచి వస్తుంది. మొదటిరోజు నీళ్ళ గ్లాసు వచ్చింది. అంచు మీద ఒక చుక్క. చుక్కలో కిటికీ. కిటికీలో ఆకాశం. అతను రోజుకు డెబ్బై మంది ఎముకలు చూసేవాడు, ఏది చూసినా చలించేవాడు కాదు. ఆ గ్లాసు ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నీళ్ళు తాగడం మరిచిపోయాడు.

ఎక్స్‌రే దగ్గర పనిచేసేవాళ్ళ కోటు జేబుకు ఒక బ్యాడ్జి ఉంటుంది. ఒంటికి కిరణాలు ఎంత తగిలాయో అది గుర్తు పెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి పరీక్షకు పంపితే ఒక నంబరు వస్తుంది. నంబరు గీత దాటిందా, మనిషిని ఎక్స్‌రే గది నుంచి తీసి కింద రికార్డు గదిలో వేస్తారు. అక్కడ కిటికీ లేదు. అక్కడికి దిగినవాడు మళ్ళీ పైకి వచ్చేది రిటైరయ్యాకే. టెక్నీషియన్‌కు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క భయం ఆ గది.

పని అయ్యాక బ్యాడ్జిని తీసి బోర్డుకు తగిలించి వెళ్ళాలని నియమం. అతను ఇరవై నాలుగేళ్ళుగా దాన్ని కోటుకే వదిలేసి, కోటును మేకుకు తగిలించి వెళ్ళేవాడు. ఇప్పుడు అదే జేబులో లెన్సు కూడా పడుకోవడం మొదలుపెట్టింది.

రెండో వారం ఎండ ముదిరింది. లెన్సు కిటికీలో కుదురుగా కూర్చుని, ఎండనంతా పోగుచేసి, బల్ల మీది రిజిస్టరులో ఒక్కచోట పెట్టింది. లోపల ఒకాయన మోకాలికి ఎక్స్‌రే తీసి టెక్నీషియన్ తిరిగి వచ్చేసరికి కాగితంలో బఠాణీ గింజంత చిల్లు. సన్నగా పొగ. లెన్సు జేబులోకి, రిజిస్టరు సొరుగులోకి వెళ్ళాయి. తలుపు దగ్గర నర్సులందరికీ పెద్దయిన మేట్రన్ ముక్కు ఎగబీలుస్తోంది.

"ఏదో కాలినట్టుందే?"

"మిషన్ కాస్త వేడెక్కింది సిస్టర్."

ఆ అబద్ధం చిన్నదే. దాని పిల్లలు పెద్దవయ్యాయి.

మూడు నెలలు నిండాక నంబరు వచ్చింది. సూపరింటెండెంటు అతన్ని పిలిపించి కాగితం ముందుకు తోశాడు.

"ఏమయ్యా, ఆ మిషన్‌లోనే పక్క వేసుకుంటున్నావా?"

"లేదు సార్."

"మరి ఇదేమిటి? ఈ ఆసుపత్రి పుట్టాక ఇంత నంబరు ఎవరికీ రాలేదు. నాకు పరీక్షల్లో కూడా రాలేదు."

"మిషన్ వేడెక్కిందని ఈయనే అన్నారు సార్," అంది పక్కనున్న మేట్రన్. "కాలిన వాసన కూడా వచ్చింది. నేను అప్పుడే అనుకున్నాను."

గది వెతికారు. సొరుగులో రిజిస్టరు దొరికింది. సూపరింటెండెంటు చిల్లులోంచి వెలుతురు వంక చూశాడు. ముఖం పాలిపోయింది.

"కాగితాన్నే కాల్చాయి కిరణాలు," అన్నాడు. "ఇక మనిషి సంగతి చెప్పాలా!"

టెక్నీషియన్ నోరు తెరిచాడు. లెన్సు సంగతి చెబితే డ్యూటీలో ఆటలాడినందుకు రికార్డు గది. చెప్పకపోతే కిరణాలు తగిలినందుకు రికార్డు గది. ఏది నయమా అని అతను తూచుకుంటూ ఉండగానే ఎక్స్‌రే గదికి తాళం పడింది. నోరు మళ్ళీ మూసుకున్నాడు. అయినా చిల్లు ఎలా పడిందో అతనికి తెలుసు గాని నంబరు ఎలా వచ్చిందో తెలియదు. అందుకని అతనికీ భయం పట్టుకుంది.

పైనుంచి పరీక్షాధికారి వచ్చేదాకా నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆ నాలుగు రోజులూ అతను కోటు వేసుకుని వరండా చివర ఒక స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యి విరిగినవాళ్ళు, కాలు విరిగినవాళ్ళు తాళం చూసి, అతన్ని చూసి, తిట్టుకుంటూ వేరే ఆసుపత్రికి వెళ్ళారు. టీ తెచ్చేవాడు గ్లాసును వరండా మధ్యలో పెట్టి పరుగెత్తేవాడు. మేట్రన్ పది అడుగుల దూరంలో ఆగి మాట్లాడేది.

"నెల రోజులుగా నా జుట్టు ఊడుతోందండీ."

"అంతకు ముందు ఊడేది కాదా సిస్టర్?"

"అంతకు ముందూ ఊడేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

ఇంటికి వెళ్తే భార్య కంచం పెట్టింది.

"మీ సూపరింటెండెంటుగారు ఫోన్ చేశారు. ఆయనకు కొంచెం దూరంగా ఉండమ్మా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఇరవై రెండేళ్ళుగా ఉన్నదే కదండీ అన్నాను."

అని పక్కనే కూర్చుని వడ్డించింది. ఒకే కూర రెండుసార్లు వేసింది. అతను అన్నం వంక చూశాడు. ఆమె వంక చూడలేదు.

భయం వేసినప్పుడల్లా అతను జేబులో చెయ్యి పెట్టి ఆ చల్లని ఇత్తడిని పట్టుకునేవాడు. కొందరు దేవుణ్ణి పట్టుకుంటారు. భయం తగ్గేది.

అయిదోరోజు పరీక్షాధికారి కిరణాలు కొలిచే మీటరుతో దిగాడు. పొట్టివాడు, మాట పొదుపు. ఇంట్లోవాళ్ళను కూడా చూడాలని కబురు పెడితే భార్య వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి.

మీటరు మిషన్ చుట్టూ తిరిగింది. బద్ధకంగా టిక్కుమంది. గోడల వెంట, తలుపు వెంట, రిజిస్టరు చిల్లు మీద తిరిగింది. మళ్ళీ అదే బద్ధకం. భార్య దగ్గరా అంతే.

"గది శుభ్రం," అన్నాడు అధికారి. "ఆయన్ని పిలవండి."

టెక్నీషియన్ గడప దాటాడు. మీటరు నిప్పుల్లో ఉప్పు వేసినట్టు చిటపటలాడింది. సూపరింటెండెంటు రెండడుగులు వెనక్కి వేశాడు. అక్కడ అప్పటికే మేట్రన్ ఉంది.

"వెనక్కి వెళ్ళండి," అన్నాడు అధికారి.

వెళ్ళాడు. మీటరు చల్లబడింది.

"రండి."

వచ్చాడు. చిటపట.

"మనిషే మిషన్ అయిపోయాడు," అన్నాడు సూపరింటెండెంటు, మేట్రన్ భుజం మీదుగా.

భార్య లేచి నిలబడింది. ఏడవలేదు. "ఏమైతే అదయింది, ఇంటికి తీసుకుపోతాను ఆయన్ని," అంది. "లేవండి, పోదాం." అతను నిలబడే ఉన్నాడు.

"కోటు విప్పి ఆ కుర్చీ మీద వెయ్యండి," అన్నాడు అధికారి.

వేశాడు. మీటరు మనిషిని తల నుంచి కాలి దాకా చూసింది, ఏమీ అనలేదు. కుర్చీ వైపు తిరిగి కేకలు పెట్టింది.

"కోటుకు జబ్బేమిటయ్యా?" అన్నాడు సూపరింటెండెంటు.

అధికారి జేబులో చెయ్యి పెట్టి లెన్సు బయటికి తీశాడు. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. నేల మీద తేనె రంగు వెలుగు బిళ్ళ ఒకటి పడింది. పొదుపు మనిషి లెన్సును అటూ ఇటూ తిప్పి ఆ బిళ్ళను నేల మీద నడిపించాడు.

"దీని గురించి చదవడమే గాని చూడటం ఇదే మొదలు," అన్నాడు చివరికి. "ఒకప్పుడు ఇలాంటి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపేవాళ్ళు. వెలుగు బాగా వంగుతుందని. దానికి కాస్త కిరణాల గుణం ఉంది. గాజు పసుపెక్కేది కూడా అందువల్లే." బ్యాడ్జి వంక చూశాడు. "మూడు నెలలు ఈ రెంటినీ ఒకే జేబులో కాపురం పెట్టించారన్నమాట."

"చిల్లు?"

"అదీ ఇదే సార్," అన్నాడు టెక్నీషియన్. "ఎండలో పెట్టాను."

సూపరింటెండెంటు ముందుకు వచ్చాడు. ధైర్యం కూడా వచ్చింది.

"ఒక గాజుముక్క కోసం నా ఎక్స్‌రే గది అయిదు రోజులు మూయించావా? దాన్ని అవతల పారెయ్యి. నువ్వు రికార్డు గదికి నడువు. ఇవాళే."

టెక్నీషియన్ తల వంచుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళు ఒక్క నిమిషంలో మెట్లు దిగిపోతున్నాయి.

"ఆగండి," అన్నాడు అధికారి. "ముందు ఇది పని చేస్తుందో లేదో చూడాలి."

అది పరీక్షలో భాగం కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. టెక్నీషియన్ రోజూ వెంట తెచ్చుకునే సంచిలోంచి కెమెరా తీసి లెన్సు బిగించాడు. తెర మీద "లెన్సు లేదు" అని వచ్చింది. మెనూలోకి వెళ్ళి చెప్పాల్సింది చెప్పుకున్నాడు. ఎదురుగా, కిటికీ వెలుగులో నిలబడి ఉన్నది భార్య. కన్ను ఆనించాడు.

మంచు. రింగు తిప్పాడు. ముందు సంచి పట్టుకున్న వేళ్ళు వచ్చాయి. వేడి గరిటె తగిలిన మరక ఒకటి. ఇంకా తిప్పాడు. వేళ్ళు మంచులోకి పోయాయి, మెడ వచ్చింది, గడ్డం వచ్చింది. ఈ లెన్సుతో తొందరపడటానికి లేదు. అంగుళం అంగుళం చూస్తూ పోవాలి. ముఖం వచ్చింది. రెప్పలు ఒక్కొక్కటీ లెక్కకు అందాయి. నల్లవనుకున్న కళ్ళు నల్లవి కావు, లోపల గోధుమరంగు గీతలు చక్రంలా ఉన్నాయి. ఎడమ కనుబొమ్మను చీలుస్తూ సన్నని తెల్లని మచ్చ.

అతను కెమెరా దించలేదు.

"ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది నీకు?"

"పెళ్ళికి ముందు."

మేట్రన్ దగ్గింది. అతను మీట నొక్కాడు.

నలుగురూ తెర మీదికి వంగారు. గాజులో పసుపు అంతా విరగలేదు. మిగిలిన కాస్తా ఆ ముఖం మీద వెలుగై నిలిచింది. వెనక గది లేదు, గోడ లేదు, ఆసుపత్రి లేదు. రోజూ టిఫిన్ బాక్సు మూత నొక్కే మనిషి ఉంది. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయి ఇలా ఉంటుందా?" అన్నాడు మెల్లగా. ఆయన ఆమెను పదేళ్ళుగా ఎరుగును.

"ఇలాగే ఉంటాను," అంది ఆమె. "ఇలా ఇవ్వండి దాన్ని."

కన్ను ఆనించి వరండా వైపు తిరిగింది. తాళం తీశారేమోనని బయట జనం చేరి ఉన్నారు. ఆమె రింగు తిప్పింది. "అబ్బ," అంది. మళ్ళీ తిప్పింది.

"ఒకళ్ళు వస్తుంటే ఒకళ్ళు పోతున్నారు."

"అంతే."

"ఎవరు కనబడాలో ఎవరు తేలుస్తారు? కెమెరానా?"

"లేదు. మన చెయ్యే."

"ఓహో," అంది.

అధికారి కాగితం తీసి నిలబడే రాశాడు. నంబరు బ్యాడ్జిది, మనిషిది కాదు, కొట్టివేయడమైనది. లెన్సు ఒంటికి అతుక్కుని ఉండటం మంచిది కాదు, బల్ల మీద ఉంటే భయం లేదు. సంతకం పెట్టి సూపరింటెండెంటు చేతికి ఇచ్చాడు. బయట ఎవరో విరిగిన చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచారు. సూపరింటెండెంటు కాగితం చూశాడు, జనాన్ని చూశాడు.

"కుర్చీ నీదే, పో," అన్నాడు. "బ్యాడ్జి బోర్డు మీద ఉండాలి. ఆ గాజు మళ్ళీ ఈ గేటు లోపల కనబడకూడదు."

"నా దగ్గర ఉంటుందిలెండి," అంది భార్య. కెమెరాతో సహా సంచిలో వేసుకుంది. చెత్తబండి మాట ఎత్తలేదు. ఎవరినీ అడగనూ లేదు.

తరవాత అది ఆమె వస్తువైపోయింది. మూడు వారాల్లో ఆమె చెయ్యి కుదిరింది. పెరట్లో చీమ మోసుకుపోతున్న బియ్యపు గింజను తీసింది. ఆ గింజ విరిగిన అంచు చూసి అతను తన ఫోటోలన్నీ మళ్ళీ తిరగేశాడు. తనకు ఏనాడూ అంత పదును రాలేదు.

ఆదివారం పొద్దున అతను తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పక్కింటి గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నన్ను కూడా ఒకటి తియ్యరాదూ?"

"కదలకండి."

ఆమె తొందరపడలేదు. రింగును అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒకచోట ఆగింది. చాలాసేపు చూసింది. నొక్కింది.

అతను తెర చూశాడు. పక్కింటి గోడ ఇటుక ఇటుకా పదునుగా వచ్చింది. సున్నం పగుళ్ళు వచ్చాయి, పగులులో నాచు వచ్చింది, నాచు మీద తడి వచ్చింది. అద్భుతంగా ఉంది. దాని ముందు, మనిషి ఉండాల్సినచోట, కాస్త మంచు ఉంది.

పొరపాటా అని అతను అడగలేదు.