ముప్పై రెండు, తేడా నాలుగు

ఫోను మోగేసరికి ఆమె నోట్లో టూత్‌బ్రష్షు ఉంది. అవతల మాట్లాడుతున్నది వార్తా ఛానల్ ప్రొడ్యూసరు. రోజూ సాయంత్రం ఆరు గంటల వార్తలు చదివే ఆవిడకు గొంతు పట్టేసిందట, ఇవాళ ఆ పది నిమిషాలూ నువ్వే చదవాలి అన్నాడు. నురగ మింగకుండా, ఉమ్మకుండా "తప్పకుండా సార్" అనడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. ఫోను పెట్టేసి, రెండు చేతులూ పైకెత్తి గదిలో గిర్రున తిరిగింది. రెండో చుట్టులో కుడి భుజం మీది బ్రా పట్టీ జారి మోచేతి దాకా వచ్చింది. తిరగడం అక్కడితో ఆగిపోయింది.

నెల క్రితం ఆమె పరీక్షగా వార్తలు చదివినప్పుడు ప్రొడ్యూసరు కాగితం మీద రెండే ముక్కలు రాశాడు. చదవడం బాగుంది. భుజం ఎగరేయడం మానాలి. ఆ వీడియోను మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంట్లో కూర్చుని చూశారు. వరదల వార్తకు ఒకసారి, ధరల వార్తకు ఒకసారి, ఆటల దగ్గర వరసగా మూడుసార్లు ఆమె కుడి భుజం ఎగిరింది. ఓడిపోయిన జట్టును వెక్కిరిస్తున్నట్టే ఉంది. ఇవాళ కూడా ప్రొడ్యూసరు ఫోను పెట్టేసే ముందు ఆ మాటే అన్నాడు. భుజం నిలకడగా ఉంటే ఇక రోజూ ఆమెదే, లేకపోతే ఇంకో అమ్మాయి వరసలో ఉంది.

సంగతి విన్న భర్త కాఫీ కప్పు కింద పెట్టాడు. పెళ్లయి రెండు నెలలు. అతను గుడ్డతో పెద్ద పెద్ద పైకప్పులు కట్టే కంపెనీలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. గోడకు మేకు కొట్టాలన్నా ముందు పెన్సిలుతో చుక్క పెట్టే మనిషి.

"నీ సైజెంత?"

"ముప్పై ఆరు బి."

"ఎవరు కొలిచారు?"

"కొలవడమేంటి? మా అక్కది ముప్పై ఆరు బి. నేను కాలేజీలో చేరినప్పుడు తనకు కొనుక్కుంటూ నాకూ రెండు కొంది. అప్పట్నుంచీ అదే."

డ్రాఫ్ట్స్‌మన్ మొహంలో నిజమైన బాధ కనిపించింది. ఏడేళ్లుగా ఒక మనిషి మరో మనిషి కొలతతో బతుకుతోందన్న సంగతి అతను తట్టుకోలేకపోయాడు. ఫోన్లో పావుగంట చదివి, టేపు తెచ్చి, తలుపు వేశాడు. కొలవాల్సినవి రెండే. రొమ్ముల కింద ఒంటికి ఆనించి బిగువుగా చుట్టుకొలత, నిండుగా ఉన్నచోట వదులుగా చుట్టుకొలత. దీనికి రెండు నిమిషాలు చాలు. వాళ్లకు ఇరవై రెండు పట్టాయి. మిగిలిన ఇరవై నిమిషాల వివరాలు ఈ కథకు అనవసరం.

"ముప్పై రెండు డి" అని తేల్చాడతను.

డి అంటే మరీ అంతా అని ఆమె తనవైపు తనే అనుమానంగా చూసుకుంది.

"అక్షరాన్ని చూసి హడలిపోకు. అది తేడా, అంతే. కింద ముప్పై రెండు, పైన ముప్పై ఆరు, తేడా నాలుగు. తేడా ఒకటైతే ఎ, రెండైతే బి, అలా నాలుగైతే డి. ఇప్పుడు నువ్వేసుకునే దాంట్లో కప్పు దాదాపు సరిపోయింది. కింది పట్టీయే నాలుగంగుళాలు వదులు. అందుకే అది వీపు మీద పైకెక్కుతోంది, బరువంతా భుజాల మీద పడుతోంది. నువ్వు భుజం ఎగరేయక ఏం చేస్తావు?"

తన భుజానిది పొగరు కాదని తెలిసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఒంటిగంటకు బజారుకెళ్లి ముప్పై రెండు డి కొనేయాలి, మూడింటికల్లా స్టూడియోలో ఉండాలి, ఆరింటికి వార్తలు. అనుకున్నది ఇంతే.

కానీ కొలత తీసుకున్నాక బొమ్మ గీయకపోతే డ్రాఫ్ట్స్‌మన్‌కు చెయ్యి ఊరుకోదు. ఆఫీసు షీటు ఒకటి తీసి ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒక బొమ్మ గీశాడు. కింద వరసగా సూచనలు రాశాడు. భారమంతా కింది పట్టీయే మోయాలి, పై పట్టీలు ఆసరాకు మాత్రమే. ఎడమది కుడిదానికన్నా వెంట్రుకవాసి పెద్దది, పెద్దదాని కొలతకే పోవాలి. మధ్యభాగం ఖాళీ లేకుండా ఆనుకోవాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. కొత్తదాన్ని బయటి కొక్కానికే పెట్టాలి, సాగేకొద్దీ లోపలి కొక్కాలకు మార్చుకోవాలి. ఇంత వివరంగా రాసినవాడు సిగ్గుకొద్దీ ఇది ఫలానా వస్తువని మాత్రం ఎక్కడా రాయలేదు.

దాన్ని చుట్టి బల్ల మీద పెట్టాడు. అక్కడ అప్పటికే మరో షీటు చుట్టి ఉంది. అది ఊళ్లో లైబ్రరీ ముందు పక్కపక్కన కట్టబోతున్న రెండు గుడ్డ గుమ్మటాల ప్లాను. వాటి కింది వలయం కూడా ముప్పై రెండే, కాకపోతే అడుగులు. బయల్దేరే తొందరలో అతను ఒక చుట్ట అంచు ఎత్తి, ముప్పై రెండు అంకె కనిపించగానే ఆమె చేతిలో పెట్టాడు. రెండోది చంకలో పెట్టుకుని ఆఫీసుకు పోయాడు.

*

ఆఫీసులో నెల రోజులుగా ఆ గుమ్మటాలే తలనొప్పి. నమూనా కట్టిన ప్రతిసారీ గుడ్డ కిందికి వేలాడుతోంది, పైన స్తంభాలకు కట్టిన తాళ్లు తెగుతున్నాయి. పెద్దసారు షీటు అందుకుని బల్ల మీద పరిచారు. చూశారు. సూచనలు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత అందరినీ పిలిచారు.

డ్రాఫ్ట్స్‌మన్ వచ్చి బల్ల మీద ఉన్నదేమిటో చూసేసరికి, పెద్దసారు వేలు పెట్టి మొదటి సూచన అందరికీ వినిపిస్తున్నారు. భారమంతా కింది పట్టీయే మోయాలట. నెలగా తామంతా పై తాళ్లు పట్టుకుని వేలాడుతున్నారట. ఈ కుర్రాడు ఒక్క వాక్యంలో తేల్చేశాడట. ఆ క్షణాన నిజం చెప్పేస్తే సరిపోయేది. అయితే గదిలో పద్నాలుగు మంది ఉన్నారు, అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"ఏమయ్యా, ఎడమది పెద్దదని రాశావు. ఎందుకని?"

"అది సహజంగానే అలా ఉంటుంది సార్."

"నువ్వే స్వయంగా కొలిచావా?"

"కొలిచాను సార్."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా ఆవిడ ఉంది సార్."

పెద్దసారు ముచ్చటపడ్డారు. కొత్త పెళ్లికొడుకు పెళ్లాన్ని కూడా సైటుకు తీసుకెళ్లి కొలతలు తీస్తున్నాడు, మీరంతా చూసి నేర్చుకోండి అని మిగతావాళ్లను దులిపేశారు. ఇందులో అంగుళాలని ఎందుకుందని ఒకరు అడిగితే జవాబు కూడా ఆయనే చెప్పారు. లైబ్రరీది ముప్పై రెండు అడుగులు, ఇది ముప్పై రెండు అంగుళాలు, అంటే అడుగుకు అంగుళం చొప్పున నమూనా కొలత. డ్రాఫ్ట్స్‌మన్ తల ఊపాడు. ఊపడం తప్ప అతనికి ఇంకో దారి లేదు.

*

బజారు వీధిలోని షాపులో ఆమె ముప్పై రెండు డి అడిగింది. కౌంటరు దగ్గరి ఆవిడ ఆమెను నఖశిఖపర్యంతం ఒకసారి చూసింది. ఇరవయ్యేళ్లుగా చూపుతోనే సైజు చెబుతున్న మనిషి. ముప్పై రెండు గాలేస్తే ఎగిరిపోయే పిల్లలకట, డి బాగా ఒళ్లున్నవాళ్లకట, ఆ రెండూ ఒకే మనిషికి రావట. ముప్పై ఆరు బి తీసి ముందు పెట్టింది.

రుజువు తన దగ్గరే ఉందని ఆమె షీటు పరిచింది.

షాపావిడ చాలాసేపు చూసింది. "ముప్పై రెండు అడుగులా అమ్మా?" అని మర్యాదగానే అడిగింది. తర్వాత వేలితో చూపించింది. "ఈ మెట్లెందుకు? ఈ సైకిలు స్టాండు?"

ఆమె వంగి మళ్లీ చూసింది. గుమ్మటాలు రెండు. కింద ముప్పై రెండు. అంకె అదే. ఒక భయంకరమైన అనుమానం వచ్చి మొగుడికి ఫోను చేసింది.

మీటింగులో ఫోను మోగగానే, సైటు నుంచేమో ఎత్తు అన్నారు పెద్దసారు.

"నిజం చెప్పు" అంది ఆమె. "పొద్దున నన్ను కొలిచావా? లేక లైబ్రరీ పైకప్పు కొలత నాకు తగిలించావా?"

పద్నాలుగు జతల కళ్లు అతని మీదే ఉన్నాయి. "కొలత సైటుదే" అన్నాడతను, గొంతు తగ్గించి.

"సైటా? నేను సైటునా?"

ఫోను కట్టయింది. సైటు వాళ్లకు ఏదో అభ్యంతరం ఉన్నట్టుందే అన్నారు పెద్దసారు. కొంచెం ఉందన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

సరిగ్గా అప్పుడు లెక్కల మేడమ్ లోపలికి వచ్చింది. ఏ తాడు ఎంత బరువు మోస్తుందో తేల్చేది ఆవిడే. ఆవిడ సంతకం లేనిదే ఆ ఆఫీసులో గుడ్డముక్క పైకి లేవదు. షీటు ముందుకు లాక్కుని చదవడం మొదలుపెట్టింది. రెండో సూచన దగ్గర కనుబొమ్మ లేచింది. బయటి కొక్కం దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసేసి డ్రాఫ్ట్స్‌మన్ వైపు చూసింది. అతను సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"ఈ సైటు ఇప్పుడెక్కడుంది?"

"బజారు వీధిలో మేడమ్."

"పని ఎన్నింటికి మొదలు?"

"ఆరింటికి. అందరూ చూస్తారు మేడమ్."

ఆవిడ షీటు చుట్టింది. కొలతలు ఇంకోసారి సరిచూడాలని, తనే వెళ్లొస్తానని పెద్దసారుకు చెప్పింది. అబ్బాయిని కూడా తీసుకెళ్లమన్నారాయన. "వద్దు సార్. ఇప్పుడితను కనపడితే సైటు మీద పడి కరుస్తుంది."

*

లెక్కల మేడమ్ షాపుకు చేరేసరికి ఆమె ఓడిపోయి, ముప్పై ఆరు బి పొట్లం కట్టించుకుంటోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. టైము రెండవుతోంది. మేడమ్ పొట్లం పక్కకు తోసి, తనెవరో చెప్పి, అసలు షీటు పరిచింది.

"చూడు తల్లీ, మీ ఆయన లెక్క తప్పలేదు. కాగితం తప్పిచ్చాడు. ఇదుగో, ఇది నువ్వే."

షాపావిడ ఈసారి మెట్లు లేవని గమనించి, కాస్త మెత్తబడి, ఎక్కడో అడుగున ఉన్న డబ్బా దించి ముప్పై రెండు డి తీసింది. ట్రయల్ రూము తలుపు పడింది. బయటి నుంచి మేడమ్ సూచనలు చదువుతుంటే లోపల ఆమె ఒక్కొక్కటే చేసింది. బయటి కొక్కం పెట్టింది. ముందుకు వంగి సర్దుకుంది. రెండు వేళ్లు దూరాయి, మూడోది దూరలేదు. మధ్యభాగం ఒంటికి ఆనుకుంది. చేతులు పైకెత్తింది, కింది పట్టీ ఉన్నచోటే ఉంది. గెంతింది. భుజాల మీద ఏమీ లేనట్టే ఉంది.

తర్వాత లోపలి నుంచి వార్తలు మొదలయ్యాయి. ఆమె పొద్దున పేపరులోని ముఖ్యాంశాలు గుర్తున్నవన్నీ నిండు గొంతుతో, ఒక్కో వాక్యం ఒక్క ఊపిరిలో చదివింది. షాపులో ఉన్న ఆడవాళ్లు బేరాలు ఆపి విన్నారు. ఒకావిడ మళ్లీ ధరలు పెరిగాయా అని వాపోయింది.

ఆమె మెరిసిపోతూ బయటికి వచ్చి "అక్కా, ఊపిరి ఇంత ఉంటుందని నాకు తెలీదు" అంది.

లెక్కల మేడమ్ చెయ్యి తన భుజం మీదికి పోయింది. ముప్పై ఏళ్లుగా తను వేసుకుంటున్నది ముప్పై ఎనిమిది బి. ఊళ్లో ప్రతి తాడు బరువూ లెక్కగట్టిన మనిషి, తన భుజాల మీది ఎర్ర గీతల సంగతి ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. మెల్లగా షాపావిడ దగ్గర టేపు అడిగింది. ముప్పై నాలుగు, తేడా నాలుగు. ఇద్దరూ కలిసి నవ్వడం మొదలుపెట్టారు. షాపావిడ కాసేపు బెట్టుగా నిలబడి, చివరికి ఆ కాగితం ఒక్కసారి ఇస్తారా అని అడిగింది.

*

ఆరింటికి ఆఫీసులో అందరూ టీవీ ముందు చేరారు. మిగతావాళ్లు వార్తలు చూశారు, డ్రాఫ్ట్స్‌మన్ కుడి భుజం చూశాడు. వరదలు గడిచాయి, భుజం కదల్లేదు. ధరలు గడిచాయి, కదల్లేదు. ఆటల దగ్గర ఆమె క్షణం ఆగింది. అతను కుర్చీ అంచుకు జరిగాడు. ఆమె కాగితం తిప్పి, చిరునవ్వుతో, ఓడిపోయిన జట్టును ఎంతో గౌరవంగా ప్రస్తావించింది.

పెద్దసారు తల పంకించారు. మనిషి నిలబడితే అలా నిలబడాలి, లైబ్రరీ గుమ్మటాలు కూడా అంతే దిటవుగా ఉండాలి అన్నారు. లెక్కల మేడమ్ అప్పటికే కొత్త లెక్క కట్టింది. కింది వలయాన్ని బిగించి భారమంతా దానికే అప్పగిస్తే తాళ్లు తెగవు. షీటులోని సూత్రం అక్షరాలా నిజమే. ఆవిడ సంతకం పెట్టింది, ఎడమ గుమ్మటాన్ని మాత్రం కుడిదానితో సమానం చేసి.

ఆరుంబావుకు ఆమె ఫోను చేసింది. ప్రొడ్యూసరు కాగితం మీద ఈసారి ఒకే ముక్క రాశాడట, రేపట్నుంచి నువ్వే అని. సైటు అన్నందుకు మొగుణ్ని ఇంకా క్షమించలేదని, ఇంటికొస్తే ఆలోచిస్తానని చెప్పింది. రేపు మధ్యాహ్నం రెండింటికి తను ఖాళీయేనని, షాపు దగ్గర ఉంటానని, కొలిపించుకోవాలనుకునేవాళ్లు ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మని లెక్కల మేడమ్‌కు చెప్పమంది.

ఆఫీసు మూసే వేళకు పెద్దసారు బల్ల మీద ఆరుగురు ఆడవాళ్ల సెలవు చీటీలు చేరాయి. అన్నీ రేపు మధ్యాహ్నం పూటకే, అన్నింట్లోనూ కారణం ఒక్కటే, సైటు కొలతలు. పెద్దసారు సంతోషంగా అన్నింటి మీదా సంతకం చేసి, వచ్చేటప్పుడు నమూనా ఒకటి తెచ్చి తన బల్ల మీద పెట్టమని కింద రాశారు.