భయానికి మార్కులు

విజయనగరం పళ్ళ డాక్టరు నగరేశ్వరరావు ఆ సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూనే భార్య కమలాదేవికి తన కొత్త పథకం వినిపించాడు. వైద్యం మొదలుపెట్టే ముందే రోగి ఎంత భయపడుతున్నాడో కొలవాలి. నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం నాలుగొస్తే ధైర్యస్థుడు, ఇరవై వస్తే హడలిపోతున్నట్టు.

"ఎక్కువ భయపడేవాళ్ళని ముందు పిలుస్తాను. ఇక కుర్చీ దాకా వచ్చి పారిపోయేవాళ్ళు ఒక్కరూ ఉండరు, చూడు."

"అందరూ నిజమే చెబుతారా?"

"కాగితం మీద అబద్ధం ఎవరు చెబుతారు?" అంటూ డాక్టరు చెప్పులు తొడుక్కున్నాడు.

ఆసుపత్రి బల్లల మీద అప్పటికే తొమ్మిదిమంది కూర్చున్నారు. కాంపౌండరు దాలయ్య భోగాపురం అసిరమ్మతో మొదలుపెట్టాడు. ఆమె దవడ వాచి మూడు రోజులైంది, గంజి తప్ప ఏదీ దిగడం లేదు. ఇంతకుముందు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

"డాక్టరు దగ్గరికెల్లాలంటే ఎలాగుంటాది?" చదివాడు దాలయ్య.

"రాత్రి కన్ను మూస్తే ఒట్టు, బాబూ. కాళ్ళాడతన్నాయి."

ఆమెకు ఇరవైకి ఇరవై వచ్చాయి. పక్కనే ఉన్న జగన్నాధం, శృంగవరపుకోట హైస్కూలు డ్రిల్లు మాస్టారు, అందరికీ వినపడేలా "నాలుగు రాసుకో" అన్నారు.

డాక్టరు అసిరమ్మను ముందు పిలిచేసరికి గంగులు అనే రైతు లేచి దాలయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఒరే, మేం ముందొస్తే ఆవిణ్ణి పంపుతావేటి?"

"ఆవిడికి ఇరవై మార్కులు."

"ఐతే నాకూ ఇరవై ఏసీయ్! బస్సు తప్పితే మా ఇంటిది ఊరుకోదు."

క్షణంలో మిగతా ఆరుగురూ ఇరవై వేయించుకున్నారు. మాస్టారు మాత్రం పరువు కోసం నాలుగు దగ్గరే ఆగిపోయి వరసలో ఆఖరికి వెళ్ళారు.

అసిరమ్మ పన్ను తీసి బయటికొచ్చిన డాక్టరు ఆ కాగితాలు చూసి నిర్ఘాంతపోయాడు. ఊరంతా ఇంత హడలిపోతోందా! వెంటనే గుమ్మంలో నిలబడి ధైర్యం చెప్పాడు.

"ఎవరూ భయపడకండి. సూది మరీ పొడుగేం కాదు. రక్తం కొంచెమే వస్తుంది. దవడ విరగడం నా చేతిలో ఇంతవరకూ జరగలేదు."

"దవడ కూడా ఇరుగుతాదేటి?" అన్నాడు గంగులు, చెప్పులు వెతుక్కుంటూ.

రెండు నిమిషాల్లో బల్లలు ఖాళీ అయ్యాయి. మాస్టారు మాత్రం కదల్లేదు. రెండు చేతులా కిటికీ ఊచలు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

డాక్టరు బల్ల మీద కూలబడ్డాడు. "అసిరమ్మా, నీకు చేసిన వైద్యమే కదా వాళ్ళకీ చెయ్యబోయాను! వాళ్ళెందుకు పారిపోయారు?"

ఆమె పంటి కింద దూది సర్దుకుంది. "నన్ను భయమేస్తందా అని అడిగినారు బాబూ. ఇన్నేళ్ళల్లో ఎవలూ అడగనేదు. సెప్పుకున్నాక సగం దిగిపోనాది. ఆళ్ళనేమో మీరే బెదరగొట్టీసినారు."

డాక్టరు లేచి కిటికీ దగ్గరికెళ్ళి మెల్లగా అడిగాడు. "మాస్టారూ, నిజంగా ఎలా ఉంది?"

"నాలుగండీ..." మాస్టారు ఊచలు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "నాలుగైదుల ఇరవై."

అసిరమ్మ వచ్చి ఊచల నుంచి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "రా బాబూ, కూకో. నా సెయ్యట్టుకుని కళ్ళు మూసుకో. నానున్నాను గదా."

మాస్టారు కళ్ళు తెరిచేసరికి పన్ను పళ్ళెంలో ఉంది, చేతిలో దాలయ్య చెయ్యి ఉంది, అసిరమ్మ భోగాపురం బస్సులో ఉంది.