శిశు ఉదర సంరక్షణ సంఘం తీర్మానాలు

మా భవనంలో పుట్టే ఏ బిడ్డ కడుపూ ఇకపై ఆ బిడ్డ తల్లిదండ్రుల సొంత వ్యవహారం కాదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆ భారాన్ని మా శిశు ఉదర సంరక్షణ సంఘం, ఎవరూ అడగకుండానే, తన నెత్తిన వేసుకుంది. నాలుగంతస్తుల్లోనూ పిల్లల్ని కన్న ప్రతి స్త్రీ ఇందులో సభ్యురాలే. రాజీనామాకు నియమావళిలో చోటు లేదు.

అధ్యక్షురాలు అనుభవం పిన్నిగారు. ప్రతి మాటనూ "నా అనుభవంలో" అని మొదలుపెట్టడం వల్ల ఆమె అసలు పేరు భవనమంతా మరిచిపోయింది. ఆమె ఇద్దరు కొడుకుల్ని పెంచారు. ఏం తిన్నా అరగక ఆ ఇద్దరూ ఇప్పటికీ పొట్ట పట్టుకుని సోడా తాగుతుంటారు. అంతటి అనుభవం మరొకరికి లేదు.

ప్రతి ఉదయం తల్లులు తమ బిడ్డ పాడుచేసిన గుడ్డను ఫోటో తీసి ఫోన్ గ్రూపులో పెట్టాలి. మిగతావారు కాఫీ తాగుతూ పరిశీలిస్తారు. ఒకసారి ఒకావిడ పసుపన్నది, ఇంకొకావిడ బంగారమన్నది, మాటామాటా పెరిగి ఇద్దరి మధ్యా మాటలు లేకుండా పోయాయి. కింది అంతస్తు టైలరమ్మాయి భర్త పెయింట్ల షాపులో రంగులు కలుపుతాడు. పాపం మంచివాడు, గొడవ తీరుద్దామని షాపు నుంచి రంగుల కార్డు తెచ్చి ఇచ్చాడు. గోడలకు వేసే నూట ఇరవై రంగులు, వరుస నంబర్లతో. సంఘం చప్పట్లు కొట్టి, ముప్పై ఒకటి నుంచి ముప్పై నాలుగు వరకు ఆరోగ్యమనీ, తక్కినవన్నీ రోగమనీ తీర్మానించింది.

రెండు వారాలు తిరక్కుండానే ఆయన సొంత కూతురే మొదటి ముద్దాయి అయింది. పాపకు రెండు నెలలు. పాలు తాగడం, నిద్రపోవడం, ఫ్యానుకేసి చూసి నవ్వడం తప్ప మరో నేరం ఎరగదు. ఆ సోమవారం నలభై ఏడో నంబరు వచ్చింది. పచ్చగడ్డి రంగు. ఫోటోలో ఒక పక్కన పాప నవ్వుతూనే ఉంది, కాని నవ్వుకు కార్డులో నంబరు లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. అనుభవం పిన్నిగారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"చూడండమ్మా! నా అనుభవంలో ఇది తల్లి పాలు పల్చనైతే వచ్చే రంగు. ఈ రోజుల్లో పిల్లల్ని కనడమే తెలుసు గానీ కడుపు సంగతి ఎవరికి తెలుసు? మేమున్నాం కాబట్టి సరిపోయింది!"

టైలరమ్మాయి ఒకటికి రెండుసార్లు కొలతలు చూసుకుంటే గాని గుడ్డకు కత్తెర పెట్టదు. కాని సభ్యులందరూ ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లే. ఒకరి మాట విని ఇంకొకరి మాట తోసేస్తే ఏమనుకుంటారోనని, ఆమె అందరి మాటా విన్నది. సోమవారం సోంపు నీళ్లు, మంగళవారం పంచదార నీళ్లు, బుధవారం ఆముదం చుక్కలు. ఆముదం ఎక్కువైందేమోనని మధ్యాహ్నం తేనె. ఆమె కంచంలోంచి ఒకావిడ పప్పు తీసేయించింది, ఒకావిడ పళ్లు తీసేయించింది, ఒకావిడ ఉప్పు తీసేయించింది. గురువారానికి కంచం మాత్రం మిగిలింది. పాప గుడ్డల మీది రంగులకు ఇంటి లోపలి గోడల కార్డు చాలక, బయటి గోడల కార్డు కూడా తెప్పించవలసి వచ్చింది. సంఘం దీన్ని పురోగతిగా నమోదు చేసింది.

శుక్రవారం ఉదయానికి పాప కళ్లు లోపలికి పోయాయి. ఏడవడానికీ ఓపిక లేక మూలుగుతోంది. ఇంతవరకు నవ్వుతూ రాసుకొచ్చిన నాకు ఇక్కడ నవ్వు రాలేదు. టైలరమ్మాయి సంఘం అనుమతి తీసుకోకుండానే బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది.

"ఏమేం పెట్టావమ్మా?" అని నర్సమ్మ రాసుకోబోయి, నాలుగో పేరు దగ్గర పెన్ను కింద పెట్టేసింది.

"సోమవారం నీ బిడ్డకు ఏ రోగమూ లేదు తల్లీ. పాలు తాగే పిల్లలకు అప్పుడప్పుడు ఆకుపచ్చగా అవుతుంది. ఉన్న రోగమంతా మీరు పోసిందే. ఇక నీ పాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టకు. నువ్వు మాత్రం కడుపు నిండా తిను."

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆదివారం సాయంత్రానికి పాప మళ్లీ ఫ్యానుకేసి చూసి నవ్వింది.

సంఘం ఘనంగా విజయోత్సవ సభ జరిపింది. చికిత్సలన్నీ కలిసి ఏడో రోజున పనిచేశాయని ఏకగ్రీవంగా తేలింది. ఆముదం వాటా ఎంత, తేనె వాటా ఎంత అన్న ఒక్క విషయంలోనే అభిప్రాయభేదం. టైలరమ్మాయిని మాట్లాడమన్నారు.

"నేనేమీ పెట్టలేదండి. పాలిచ్చానంతే," అందామె.

సభ ముఖం మాడ్చుకుంది. "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్. అబద్ధాలెందుకమ్మా?" అన్నారు అనుభవం పిన్నిగారు.

ఆ వారమే రెండో అంతస్తు టీచరమ్మ పన్నెండు రోజుల కొడుకు నలభై ఏడో నంబరు మీదికి వచ్చాడు. సోంపు నీళ్లు అప్పటికే పొయ్యి మీద మరుగుతున్నాయి. టీచరమ్మ వచ్చి టైలరమ్మాయి చేతులు పట్టుకుంది. "అక్కా, నీ మందేదో నాకొక్కదానికైనా చెప్పక్కా!"

నిజాన్ని నిజంలా చెబితే ఎవరూ నమ్మరని టైలరమ్మాయికి అప్పటికి తెలిసొచ్చింది. సంఘం ముందుకే వెళ్లి గొంతు తగ్గించి చెప్పింది.

"రహస్య వైద్యమండి. తల్లీబిడ్డా గంటసేపు గదిలో ఉండాలి. గడియ లోపల్నుంచే పెట్టుకోవాలి. ఫోన్లు బయటే వదిలెయ్యాలి. పాలు తప్ప ఏదీ పట్టకూడదు. బయటినుంచి ఎవరైనా తొంగిచూశారా, ఇక పనిచెయ్యదు. రోజుకు ఎనిమిదిసార్లు."

అనుభవం పిన్నిగారు కళ్లు మూసుకుని తలాడించారు. "అదీ వైద్యమంటే! నా అనుభవంలో మా అత్తగారు అచ్చం ఇలాగే చేసేవారు." తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. టైలరమ్మాయి ఊపిరి పీల్చుకుంది.

ఇంత విలువైన వైద్యాన్ని అనుభవం లేని పిల్ల చేతిలో పెట్టడం మంచిది కాదని సంఘానికి మర్నాడు తోచింది. పది గంటలకల్లా సభ్యులు ఎవరి కుర్చీ వారు తెచ్చుకుని, పదకొండు మంది, టీచరమ్మ గది చేరారు. నియమాల్లో ఒక్కటీ తప్పలేదు. ఫోన్లన్నీ బయట వదిలేశారు. తొంగిచూడకూడదు కాబట్టి అందరూ లోపలికే వెళ్లారు. గడియ లోపల్నుంచే పెట్టుకున్నారు.

టైలరమ్మాయి మెట్ల మీద కూలబడి లోపలి ఏడుపు వింటోంది. లోపల పన్నెండో కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచారు. పచ్చగడ్డి రంగు అని చదవగానే మీ నోటిదాకా వచ్చిన సలహా ఒకటుంది కదా, ఆ కుర్చీ మీకోసమే. తలుపు తట్టండి, తీస్తారు.